రెండు కెమెరాల్లోనూ అదే పసుపు

మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియో తీస్తారు. ఎడిటింగు నాది. తాడేపల్లిగూడెంలో మా మేడ మీద గదిలో కంప్యూటరు పెట్టుకుని, ఆయన తెచ్చిన మెమరీ కార్డులన్నీ ఎక్కించుకుని, ముక్కలు కూర్చి, పాటలు వేసి పెళ్ళివారికి ఇస్తాను. ఇందులో నన్ను కంగారు పెట్టే పని ఒక్కటే, రంగులు కలపడం. మా కెమెరాలో మనుషులు కాస్త గులాబీ రంగులో పడతారు. పెద్ద పెళ్ళయితే ఏలూరు నుంచి ఇంకో కెమెరామన్‌ని పిలుస్తాం. ఆయన కెమెరా వేరే కంపెనీది, దాన్లో అందరూ కొంచెం పసుపు తిరిగినట్టుంటారు. ఆ రెండూ పక్కపక్కన పెడితే పెళ్ళికూతురు తల తిప్పేసరికి ఒంటి రంగు మారిపోతుంది. చూసేవాళ్ళకి ఎందుకో తెలియదు గానీ ఏదో బాగాలేదని మాత్రం తెలిసిపోతుంది.

ఆ వేసవిలో కొల్లేటి పక్క ఊళ్ళో, చేపల చెరువులున్న వాళ్ళ పెళ్ళి మా చేతికొచ్చింది. అమ్మాయిని పెంటపాడు ఇచ్చారు. తల్లికి భర్త లేరు. చెరువుల లీజు దగ్గర్నుంచి పెళ్ళి భోజనాల దాకా అన్నీ ఆవిడే చూసుకున్నారు. ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనడం మొదలుపెట్టాను.

రంగులు కలపడానికి నేను ముందు తెలుపు చూసుకుంటాను. పెళ్ళికొడుకు పంచె రెండు కెమెరాల్లోనూ తెల్లగా కనిపించేలా సరిచేస్తే, మొహాలు వాటంతట అవే దగ్గరికి వచ్చేస్తాయి. ఆ పెళ్ళిలోనూ వచ్చాయి, పిన్నిగారిది తప్ప. ఆవిడ ఏ కెమెరాలో చూసినా పసుపుగానే ఉన్నారు.

నలుగు పెట్టినప్పటి పసుపేమో అనుకున్నాను. మర్నాటి రిసెప్షన్‌ తీసి చూశాను. అక్కడా అంతే. స్టేజి లైట్ల వల్లనా అంటే, అదే లైటు కింద ఆవిణ్ణి ఆనుకుని నిలబడ్డ ఆవిడ ఆడపడుచు గారు మామూలుగా ఉన్నారు. దగ్గరగా తీసిన ముక్క ఒకటి ఆపి, మొహం పెద్దది చేశాను. కళ్ళలో తెల్లగా ఉండవలసిన చోటంతా పసుపు. ఆ తరవాత ఇంకోటి గమనించాను. నవ్వుతూ, వచ్చినవాళ్ళని పలకరిస్తూనే ఆవిడ చీర చెంగు కింద మోచేతులు గోక్కుంటున్నారు. ప్రతి ముక్కలోనూ.

నా మానిటరే తప్పు చూపిస్తోందేమో అని అదే ముక్క ఫోన్లో చూశాను, కింద టీవీలో పెట్టి చూశాను. అన్నిట్లోనూ అదే పసుపు. మా ఆయన జంగారెడ్డిగూడెంలో ఇంకో పెళ్ళిలో ఉన్నారు. ఫోన్ చేశాను.

"ఏవండీ, పిన్నిగారి కళ్ళు చూశారా మీరు?"

"నిద్ర లేక అలా ఉండుంటాయి. కాస్త తగ్గించేసి ఇచ్చెయ్."

"నిద్ర లేకపోతే ఎర్రగా ఉంటాయి కదండీ."

"మనం డాక్టర్లమా? శుభమా అని పెళ్ళి జరిగిన ఇంటికి ఫోన్ చేసి ఏమని అడుగుతావ్?" అన్నారు.

ఏమని అడగాలో నాకూ తెలియలేదు. పాటల గురించి అన్నట్టు ఫోన్ చేసి, "ఒంట్లో బాగుంటోందాండీ పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ వెంటనే కనిపెట్టేశారు. "వీడియోలో తెలిసిపోతోందా అమ్మా?"

"తెలుస్తోందండీ."

"కామెర్లులే. పక్కూళ్ళో పసరు పోస్తున్నారు, తాగుతున్నాను. అమ్మాయికి చెప్పకండి. కాపురానికి వెళ్ళి పట్టుమని నెల కాలేదు. తెలిస్తే పరిగెత్తుకొచ్చేస్తుంది. మీరు మాత్రం నన్ను అందరిలా చేసెయ్యండి. అవుతుంది కదా?"

"అవుతుందండీ."

"మరింకేం."

నిజంగానే అవుతుంది. ఆవిడ మొహం వరకు పసుపు తగ్గించాను. ఎంతసేపో పట్టలేదు. ఏ జబ్బూ లేని మనిషి తెర మీద నవ్వుతోంది. చూస్తుంటే నాకు భయమేసింది. చేసింది తీసేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ తీసేశాను. పసరుతో తగ్గిపోతుందేమో అనుకుంటాను, తగ్గకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకుంటాను. వీడియో ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా ఇంకా కాలేదనే చెప్పాను.

ఒకరోజు పొద్దున్న పెళ్ళికూతురే పెంటపాడు నుంచి స్కూటీ వేసుకుని వచ్చేసింది, పాటలు తనే ఏరుకుంటానని. వద్దనలేకపోయాను. పక్కన కూర్చుని తన నగలు, తన చీర చూసుకుంటూ మురిసిపోతోంది. రిసెప్షన్ దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగింది.

"అమ్మ ఇలా ఉందేంటండీ? కెమెరాల తేడానా?"

అవునంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"కాదండీ," అన్నాను. "రెండు కెమెరాల్లోనూ అలాగే ఉన్నారు."

ఆ అమ్మాయి తెర వంక చూస్తూనే ఉంది. "అమ్మకి తెలుసా?"

"తెలుసండీ. మీకు చెప్పొద్దన్నారు."

బ్యాగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. స్కూటీ చప్పుడు దూరమయ్యాక తల్లీకూతుళ్ళ మధ్య ఏం పెట్టానోనని ఒకటే గుబులు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

చివరికి ఏలూరు హాస్పిటల్ నుంచి ఆ అమ్మాయే చేసింది. పిత్తాశయంలోంచి రాయి జారి నాళానికి అడ్డం పడిందట. పసరుతో తగ్గేది కాదట. ఇంకా ఆలస్యమైతే చీము పట్టేదన్నారట. నోట్లోంచి గొట్టం పంపి తీసేశారు, అమ్మ ఇడ్లీ తింటోంది అని చెప్పింది.

హాస్పిటల్ నుంచి ఇంటికి వెళ్ళాక పిన్నిగారు ఫోన్ చేశారు. వెనకాల చెరువు మోటారు చప్పుడు వినబడుతోంది.

"అమ్మాయికి చెప్పొద్దన్నానా లేదా?"

"అన్నారండీ."

"మరి?"

"అడిగితే అబద్ధం రాలేదండీ పిన్నిగారూ."

ఎవరినో మోటారు కట్టెయ్యమన్నారు. తరవాత, "సరే, నా మొహం సంగతేం చేశారు?" అన్నారు.

"ఏమీ చెయ్యలేదండీ. మీరెలా అంటే అలా."

"అందరిలా చేసెయ్యండి. వియ్యపురాలు చుట్టాలందరికీ చూపిస్తానంటోంది." నా మీద కోపం పోయిందో లేదో ఆ గొంతులో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఈసారి ఆవిడ చెప్పినట్టే చేసి ఇచ్చాను. పెన్‌డ్రైవ్ తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆ రిసెప్షన్ ముక్క, రంగు మార్చనిది, నాకు విడిగా ఇస్తారా అండీ?"

"ఎందుకండీ?"

"ఈసారి ఒంట్లో బాగాలేకపోయినా చెప్పదండీ మా అమ్మ. అప్పుడు చూపించి తిట్టడానికి."

ఆ అమ్మాయి ఫోన్‌కే పంపించాను.