బతికున్న రంగమ్మగారికి ఘన నివాళి

ఒక్క పూలదండతో ఫ్యాక్టరీ మొత్తాన్ని ఆపేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ ఘనకార్యం నాదే.

అప్పుడు నేను ధర్మపురి దగ్గర టమాటా గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసర్ని. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, దానికన్నా బిర్రుగా తలకాయ. ఏటా మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ పెట్టి, తలా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి పంపేవారు.

"ఇదా సమానత్వం?" అని మేనేజరుగారి ముందు గర్జించాను. "మన పల్లెల ఆడవాళ్ళ చరిత్రను గోడలకెక్కిద్దాం సార్, చూసినవాళ్ళు స్ఫూర్తి పొందుతారు."

ఖర్చు తక్కువని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

ప్యాకింగులో పనిచేసే మంజులది ఏరియూరు. వాళ్ళ ఊరి రంగమ్మ కథ చెప్పింది. చెనక్కాయ పీకే రోజుల్లో మగవాళ్ళతో సమానంగా కూలి ఇస్తేగాని చేలో దిగమని ఆడవాళ్ళందరినీ గట్టుమీద కూర్చోబెట్టిందట. ఆసామి దిగొచ్చాడట. నాకు ఒళ్ళు పులకరించింది. మంజుల సెల్‌ఫోనులో ఫొటో కూడా ఉంది.

"సార్, ఆమె మా..."

"చాలమ్మా, మిగతాది నేను చూసుకుంటా."

"అది కాదు సార్, ఆయమ్మ ఇంకా..."

"ఆడవాళ్ళ గొంతు అందరికీ వినిపించాలనే కదా నా తాపత్రయం! నువ్వు కాసేపు మాట్లాడకు."

అవునండీ, ఈ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. తలుపంత ఫొటో, చందనం బొట్టు, మల్లెపూల దండ, దీపం. మేనేజర్ల మీటింగు గదికి రంగమ్మ పేరు పెట్టించాను. "ఆ మహాతల్లి ఆత్మశాంతికి మౌనం పాటిద్దాం" అని గొంతు వణికించాను. అందరూ తలలు దించారు.

ఆ మౌనంలో మంజుల అంది: "సార్, మా అవ్వ బతికే ఉండాది. పొద్దున నాకు సద్ది కట్టిచ్చింది."

"ముందే చెప్పాలి కదమ్మా!"

"చెప్పనిస్తివా సార్?"

ఈలోగా ఎవరో ఆ దండ ఫొటోను ఏరియూరికి పంపేశారు. మధ్యాహ్నానికి రంగమ్మ ఆటో దిగింది.

"ఎవురప్పా నన్ను చంపినోడు?"

ఆడా మగా తేడా లేకుండా అందరూ నావైపే వేలు చూపించారు. ఆ ఫ్యాక్టరీలో నేను సాధించిన మొదటి సమానత్వం అదే.

"క్షమించండమ్మా, మీ గొప్పతనం నలుగురికీ తెలియాలని..."

"అది సరే. ఈడ ఆడోళ్ళకీ మొగోళ్ళకీ ఒకే సంబళమా?"

నేను మేనేజరును చూశాను. ఆయన ఫ్యానును చూశాడు. రంగమ్మకు అర్థమైపోయింది. దండ తీసి మంజుల చేతికిచ్చి, తన పేరున్న గది గుమ్మంలో చతికిలబడింది.

"రాండే, కూసోండి. సమానం చేస్తామని చెప్పేదాకా లేచేది లేదు."

ప్యాకింగు ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మిషన్లు ఆగాయి. ఆవరణలో టమాటాలు ఎండకు కారిపోతూ, అచ్చం మేనేజరు మొహంలాగే ఎర్రబడ్డాయి. పొద్దు గూకేలోగా ఆయన అందరికీ సమాన జీతమని సంతకం పెట్టాడు. నన్ను ఖాళీ పెట్టెల గోడౌనుకు మార్చాడు.

వెళ్తూ రంగమ్మ నా భుజం తట్టింది. "నువ్వు మంచోడివే అబ్బయ్యా. చంపితే చంపినావు గానీ, పనికొచ్చే చావు చంపినావు."

ఆ గోడౌనులోనే నిలబడి భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఏ ఆడమనిషి చరిత్రను ఆఫీసుకు తేవాలన్నా, ముందు ఆమె ఇంటికి వెళ్ళి, తలుపు తట్టి, "అమ్మా, ఉన్నారా?" అని అడుగుతాను. లోపలినుంచి ఏ జవాబూ రాకపోతేనే దండ కొంటాను.