సాక్షి సంతకం

ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు. అందరికీ లెక్కలక్క. ఆపరేషన్ థియేటర్లో నర్సు. కడుపు కోసే ముందు కత్తెరలు, పటకార్లు, సూదులు, రక్తం అద్దే గుడ్డముక్కలు పైకి లెక్కపెట్టడం, కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెట్టడం ఆమె పని. పంతొమ్మిదేళ్లలో ఒక్క గుడ్డముక్క కూడా ఎవరి కడుపులోనూ ఉండిపోలేదు. ఒకసారి సూది తక్కువొస్తే పెద్ద డాక్టరంతటివాణ్ణి గంటసేపు నిలబెట్టి, చివరికి ఆయన చెప్పు అడుగునే దాన్ని పట్టుకుంది. "ఇంట్లో చెంచాల లెక్క తేలితే గానీ మా ఆవిడ దీపం ఆర్పదు" అని లేతు మిషను మీద పనిచేసే ఆమె భర్త నవ్వేవాడు.

ఆ థియేటర్లోకి రెండు నెలల క్రితం కొత్త సర్జను వచ్చాడు. మెత్తటి మనిషి. నేల తుడిచే ఆమెను కూడా "మీరు" అనేవాడు. ఆయన వచ్చాక ఆడవాళ్ల వార్డులో మంచాలు చాలలేదు. వారానికి మూడు గర్భసంచి ఆపరేషన్లు జరిగే చోట రోజుకు మూడు జరగసాగాయి. హస్తవాసి మంచిదైతే జనం వెతుక్కుంటూ రారా మరి, అనుకుంది లెక్కలక్క.

పొద్దున్నే అంగీకార పత్రాల కట్ట వచ్చేది. రోగికి అన్నీ వివరించారనీ, ఆమె ఇష్టపడే ఒప్పుకుందనీ, అందుకు తాను సాక్షిననీ కింద నర్సు సంతకం చేయాలి. పనిముట్లు మరగబెట్టే పెట్టె మూత ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గబగబా గీసేసేది. పైన ఏం రాసి ఉందో చూసేది కాదు. చాలాసార్లు పైన ఏమీ రాసి ఉండేది కాదు కూడా.

మొదటి అనుమానం ట్రేలో కనిపించింది. జబ్బుపడిన గర్భసంచి ఎలా ఉంటుందో ఆమె కళ్లకు కొట్టినపిండి. గడ్డలు కట్టి, పిడికిలికి మూడింతలు ఉబ్బి ఉంటుంది. ఆ రోజు ట్రేలో పడింది మాత్రం చిన్నగా, నున్నగా, లేత గులాబీ రంగులో ఉంది.

"ఇందులో ఏముందని తీశారు సార్?" నోరు జారింది.

సర్జను తల ఎత్తలేదు. "కంటికి కనబడనిదే ప్రమాదం అక్కా. లెక్క చెప్పండి."

ఆమె లెక్క చెప్పింది.

తర్వాతి వారం ల్యాబ్ గుమస్తా వరండాలో ఎదురయ్యాడు. "ఏంటక్కా, థియేటర్ మూసేశారా? పరీక్షకి ఒక్క ముక్కా పంపట్లేదు. నా సీసాలన్నీ దుమ్ము కొట్టుకుపోతున్నాయి."

తీసిన ప్రతి గర్భసంచీ సీసాలో పెట్టి పరీక్షకు పంపాలి. జబ్బు ఉందో లేదో తేలేది అక్కడే. ఇప్పుడు వాటిని సర్జను మనిషే సంచిలో కట్టి తీసుకుపోతున్నాడు. ల్యాబ్‌కే అనుకుంది ఇన్నాళ్లూ.

మధ్యాహ్నం రికార్డుల గదిలో పాత పత్రాలు తీయించింది. తాను సంతకం చేసినప్పుడు ఖాళీగా ఉన్న గీతల మీద ఇప్పుడు ఒకే చేతిరాతతో ఒకే మాట ఉంది: క్యాన్సర్ సూచనలు. ఒకామెకు ఇరవయ్యారేళ్లు. ఇంకొకామెకు ముప్ఫయ్యొకటి. ప్రతి కాగితం అడుగునా తన పేరు, ఎప్పటిలాగే వంకర లేకుండా.

భర్తకు చెప్పింది. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "నువ్వు డాక్టరువా? నీకెందుకే ఇదంతా? తేనెతుట్టెని కదిలిస్తానంటావేంటి?" అన్నాడు. కాసేపటికి తనే, "ఎంతమంది?" అని అడిగాడు.

"నూట పద్నాలుగు."

అతను మళ్లీ తినలేదు.

రికార్డుల గది సంగతి సర్జనుకు తెలిసిపోయింది. తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఒక పత్రం ఆమె ముందుకు జరిపి, అడుగున సంతకం మీద వేలు పెట్టాడు.

"చక్కటి చేతిరాత అక్కా మీది. రేపు ఎవరైనా అడిగితే, పక్కన నిలబడి అంతా విన్నానని చెప్పాల్సింది మీరే. వినలేదంటే అబద్ధపు సంతకం చేసినట్టు. అవునా? టీ చల్లారిపోతోంది, తాగండి."

గొంతు పెంచలేదు. ఆమె టీ ముట్టకుండా లేచి వచ్చేసింది.

మర్నాడు మొదటి ఆపరేషన్ ఒక దర్జీ అమ్మాయిది. ఇరవయ్యేడేళ్లు. బల్ల మీద పడుకుని లెక్కలక్క కొంగు పట్టుకుంది.

"అక్కా, కుట్లు పడ్డాక ఎన్నాళ్లకి మిషను తొక్కొచ్చు?"

"ఏం తీస్తారని చెప్పారమ్మా నీకు?"

"చిన్న గడ్డ. అది తీసేస్తే వచ్చే ఏడు పిల్లల కోసం చూసుకోవచ్చన్నారు."

ఈసారి పత్రం ముందే నింపి ఉంది: గర్భసంచి, రెండు అండాశయాలు తీయడానికని. లెక్కలక్క పైకి చదివింది, ఒక్కో మాటా, అమ్మాయికి వినబడేలా. అమ్మాయి లేచి కూర్చుంది.

"పడుకోబెట్టండి" అన్నాడు సర్జను. "లెక్క మొదలుపెట్టండి అక్కా."

"మొదలుపెట్టను సార్."

మత్తు డాక్టరు ఏళ్ల తరబడి ఎవరి జోలికీ పోని మనిషి. సూది తీసి ట్రేలో పెట్టాడు. "లెక్క లేకుండా నేను మత్తివ్వను" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

ఆ సాయంత్రమే లెక్కలక్క వైద్య మండలికి ఉత్తరం రాసింది. మొదటి వాక్యంలో తన తప్పే రాసుకుంది: చదవకుండా, వినకుండా నూట పద్నాలుగు సంతకాలు చేశాను.

విచారణ ఏడు నెలలు సాగింది. ఆమెను రెండేళ్లు నర్సు పనికి దూరంగా ఉంచారు. సర్జను విచారణ మధ్యలోనే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. మరో ఊళ్లో ఆయన పేరుతో కొత్త బోర్డు చూశానని ల్యాబ్ గుమస్తా చెప్పాడు.

ఆపరేషన్ అవసరం లేకుండానే జరిగి ఉండొచ్చనీ, సాక్షి సంతకం లెక్కలక్కదనీ మండలి ఆ ఆడవాళ్లందరికీ ఉత్తరాలు పంపింది. ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో ముప్ఫయ్యేళ్ల మనిషి, చేతిలో మడతలు నలిగిన ఉత్తరం.

"నన్ను గుర్తుపట్టావా? మత్తిచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నావు. భయం లేదమ్మా అన్నావు."

గుర్తుంది. లోపలికి రమ్మంది. ఆమె రాలేదు.

"ఒక్క మాట చెప్పు చాలు. నాకు నిజంగా జబ్బుందా, లేదా?"

లెక్కలక్క గడప పట్టుకుంది. సీసాలు ల్యాబ్‌కు వెళ్లలేదు. తీసినవి ఎక్కడ పారేశారో ఎవరూ ఒప్పుకోలేదు. నూట పద్నాలుగు మందిలో ఎవరికి అవసరమో, ఎవరికి కాదో ఇక తేల్చగలిగేవాళ్లు లేరు.

"తెలీదమ్మా" అంది. "ఎవరికీ తెలీదు. ఇక తెలిసే దారి కూడా లేదు."

వచ్చినామె తిట్టలేదు, ఏడవలేదు. మెట్టు మీద కూర్చుంది. లెక్కలక్క వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఎండ వాలేసరికి ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. వీధి మలుపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఇంటి నంబర్లు చదువుకుంటూ ఇటే వస్తున్నారు.