తొట్ల మీద తెల్ల నంబర్లు

అమలాపురం బస్టాండుకి దగ్గర్లో నాకో ఎస్టీడీ బూత్ ఉండేది. ముందు గదిలో నేను, రెండు అద్దాల క్యాబిన్లు, ఒక జిరాక్సు మిషను. వెనక గది షేర్ల బ్రోకరు గారికి అద్దెకిచ్చాం. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, పువ్వుల కర్టెను మాత్రం వేలాడేది. అందుచేత దేశంలో ఏ కంపెనీని ఎవరు కొనబోతున్నారో నాకు రోజూ తెలిసిపోయేది. నిజంగా జరిగేది మాత్రం తెలిసేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సాఫ్ట్‌వేర్ షేర్లతో చేతులు కాల్చుకున్న వాళ్ళంతా మళ్ళీ ఆ గదిలోకే చేరి, ఈసారి బయోటెక్ అనేవారు. అందరిలోకీ పెద్ద గొంతు రిటైరైన జువాలజీ మాస్టారిది. ఆయన గులాబీ రంగు ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని వచ్చేవారు. రెండో గొంతు మా మావయ్యది, అమ్మకి తమ్ముడు. కొబ్బరి తోటలకి దళారీ. కంప్యూటరు తెర మీద అంకెలు ఎర్రబడినా పచ్చబడినా ఆయనకి ఒకటే, చూసి తల పంకించేవాడు.

గొంతు లేని మూడో మనిషి మా ఆయన. కువైట్‌లో ఏసీల కంపెనీలో ఫోర్‌మన్. మూణ్ణెల్ల సెలవు మీద వచ్చారు. పెళ్ళయ్యాక మేం కలిసి కాపురం చేసిన రోజులన్నీ ఆయన సెలవులే. ఈసారి తిరిగి వెళ్ళనన్నారు. దాచుకున్నది రెట్టింపైతే చాలు, బూత్ పక్కన ఖాళీగా ఉన్న షట్టరు తీసుకుని ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే షాపు పెట్టుకుంటానన్నారు. నేనప్పటికే ఆ షట్టరు ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేయడం మొదలెట్టాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు.

వాళ్ళు పట్టుకున్న కంపెనీ హైదరాబాదుది. రొయ్యల చెరువులకి మందులూ, తెల్లమచ్చ తెగులుని పట్టేసే పరీక్షలూ తయారుచేసేది. కామెర్లకి టీకా కూడా కనిపెడుతోందని మాస్టారు చెప్పేవారు. మామిడికుదురు దాటాక దానికి ఒక యూనిట్ ఉంది. రొయ్య పిల్లల తొట్లు, ఒక ల్యాబు.

"లాభం లేని కంపెనీని ఎవరు కొంటారండీ?" అనేవారు బ్రోకరు గారు.

"లాభం కోసం కాదండీ, టీకా కోసం. విదేశీ కంపెనీకి అది కొత్తగా కనిపెట్టడం కంటే కనిపెట్టినవాణ్ణి కొనేసుకోవడం చవక. అలా కొన్నప్పుడు మనలాంటి చిన్నవాళ్ళ షేర్లు కూడా మంచి రేటిచ్చి తీసుకోవాలి. రూలుందండీ," అనేవారు మాస్టారు.

"కాయ కోసం కాదు, తోట కోసం కొంటారన్న మాట," అన్నాడు మావయ్య. "ఆయ్, అది అర్థమైంది. అయితే తోట చూడకుండా బేరం ఏమిటండీ? పదండి, చూసొద్దాం."

ఒకరోజు పొద్దున్నే రెండు స్కూటర్ల మీద బయల్దేరాం. బూత్ అత్తగారికి అప్పజెప్పి నేనూ ఎక్కాను. షట్టరు నాది కూడా అని నా ఉద్దేశం.

యూనిట్ గేటు బార్లా తీసి ఉంది. లోపల ఒకాయన టై కట్టుకుని, చేతిలో కాయితాలతో నిలబడ్డాడు. ఇంకొకతను తెల్ల రంగు డబ్బా, కుంచె పట్టుకుని తొట్టి తొట్టికీ నంబరు వేస్తున్నాడు. మోటార్లకి వేశాడు. జనరేటరుకి వేశాడు. వాచ్‌మన్ని లేపి అతని కుర్చీకి కూడా వేశాడు.

మావయ్య స్కూటరు ఆపేసి చాలాసేపు అలాగే చూశాడు. "అల్లుడు గారూ, బేరం అయిపోయిందండీ," అన్నాడు చివరికి.

మా వైపు తోట బేరం కుదిరాక కొన్నవాడి మనుషులు వచ్చి చెట్లు లెక్కపెడతారు. లెక్కలో పడ్డ చెట్టుకి సున్నం గీత పెడతారు, మళ్ళీ దాన్నే లెక్కపెట్టకుండా. బేరం కుదరకముందు చెట్టు మీద ఎవరూ సున్నం వెయ్యరు, వేస్తే తోటవాడు కర్ర తీసుకుంటాడు. మావయ్య పుట్టి పెరిగింది ఆ సున్నం గీతల మధ్యనే. మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని, అంతేనన్నారు.

నేను వెళ్ళి టై ఆయన్ని అడిగొస్తానన్నాను. మావయ్య నన్ను బుద్ధి లేనిదాన్ని చూసినట్టు చూశాడు.

"బేరం మీదున్న తోటలోకెళ్ళి ఎంతకిచ్చేరని అడుగుతావా, అమ్మాయ్? మూడోవాడు నోరు పెడితే బేరం చెడిపోద్ది. పాపం కూడానూ."

ఎవరం నోరు పెట్టలేదు. టై ఆయన మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. మేమూ మర్యాదగా పెట్టి వచ్చేశాం.

మర్నాడే మా ఆయన షేర్లు కొన్నారు. నిజంగానే నాలుగు రోజులు పెరిగాయి. తిరుగు ప్రయాణం తేదీ వచ్చి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన వీధి గదిలో చాప మీద బోర్లా పడుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయారు. సెలవుల్లో ఎప్పుడూ ఆయనలా పడుకోగా నేను చూడలేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

తరవాత రేటు పడడం మొదలెట్టింది. బ్రోకరు గారు భయపడ్డారు. మావయ్య నవ్వాడు. "కొనేవాడు ముందు కాయ చిన్నదంటాడండీ, చెట్టుకి పురుగుందంటాడు. రేటు దింపి కొందామని. మా దగ్గరా ఈ విద్యలు?" అన్నాడు. మాస్టారు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు కూడా చెప్పారు. బ్రోకరు గారు ఆగుదామండీ అంటున్నా వినకుండా, మా ఆయన మిగిలింది కూడా తెచ్చి పెట్టేశారు.

ఆ వారంలోనే, పట్టపగలు, ఆ టై ఆయన మా బూత్‌లోకి వచ్చాడు. నేను గుర్తుపట్టి, పెళ్ళివారొచ్చినంత హడావిడిగా కుర్చీ తుడిచాను. ఆయన హైదరాబాదు నంబరు ఇచ్చి క్యాబిన్‌లోకి వెళ్ళాడు. లోపల ఉక్కగా ఉందేమో, తలుపు ఓరగా తీసే ఉంచాడు.

"సామానంతటికీ నంబర్లు వేయించేశాం సార్. తొట్లు పనికొస్తాయి గానీ, ల్యాబులో ఏం లేదండీ. రెండు ఫ్రిజ్‌లు, అవీ పాడైపోయినవే. టీకానా? అలాంటిదేం లేదు సార్. ఆయ్, వేలానికి తేదీ చెప్తే పేపర్లో వేయిస్తాం."

మీటరు తిరుగుతూనే ఉంది. ఆయన బయటికొచ్చి ఎంతండీ అంటే చీటీ మీద అంకె నాకు కనపడలేదు.

"మీరు ఆ కంపెనీ కొనడానికి వచ్చేరు కదండీ?" అన్నాను.

"కొనడానికా? మేం బ్యాంకు వాళ్ళమమ్మా. అప్పు కట్టలేదు, జప్తు చేసేం," అన్నాడు. తరవాత నా మొహం చూసి, "మీకేమైనా బాకీ ఉన్నారా?" అని అడిగాడు, జాలిగా.

కర్టెను తీసి లోపలికి వెళ్ళాను. విదేశీ వాళ్ళు ఏ రేటిస్తారని మాస్టారూ మావయ్యా వాదించుకుంటున్నారు. విన్నది విన్నట్టు చెప్పాను. మాస్టారు పేపరు మడిచారు. బ్రోకరు గారు వెంటనే కీబోర్డు మీద పడి అమ్మకానికి పెట్టారు. తెర మీద అమ్మేవాళ్ళే గానీ కొనేవాడు ఒక్కడూ లేడు. మర్నాడూ లేడు. ఆ పై వారం ఆ కంపెనీ పేరే తెర మీంచి పోయింది.

"నంబర్లు వేసేరు కదమ్మా," అన్నాడు మావయ్య. "జప్తుకి కూడా నంబర్లు వేస్తారా?" ఆయన బుకాయించడం లేదు. నిజంగా అర్థం కాక, నన్నే అడుగుతున్నాడు. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది, ఆ మొహం చూసి తిట్టలేకపోయాను. ఆ తరవాత ఆయన ఆ గదిలో అడుగు పెట్టలేదు.

నాలుగు రోజులు పోయాక మా ఆయన బూత్‌కి వచ్చి, ఇంట్లో ఫోనుండగా, కువైట్ నంబరు కాయితం మీద రాసి నాకిచ్చారు. అత్తగారు వింటారని కాబోలు. నేను కలిపాను. ఆయన క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకున్నారు.

అద్దంలోంచి నిలబడ్డ మనిషి కనపడుతున్నాడు. అక్కడి కంపెనీ పెద్దాయనతో ఆయన ఎప్పుడూ హిందీలో మాట్లాడేవారు. ఆ రోజూ హిందీలోనే మొదలెట్టారు. ఫోర్‌మన్ పని ఇంకొకరికి ఇచ్చేశారన్న సంగతి ఆయన భుజాలు చూస్తేనే తెలిసింది. కాసేపటికి అద్దం దాటి గొంతు వినపడింది. "హెల్పర్... ఆయ్. ఆయ్ అండీ. ఏ పనైనా పర్లేదండీ." అవతలి మనిషికి తెలుగు రాదన్న సంగతే మర్చిపోయారు.

బయటికి వచ్చి, చీటీ చూసి, జేబులోంచి నోటు తీసి నా ముందు పెట్టారు. నేను ఏమనాలో తెలియక, ఎవరికైనా ఇచ్చినట్టే చిల్లర ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నారు.