లప్పం పూసిన రేవు

రేవు గోదాములో ముప్పై ఆరేళ్లు బస్తాలు మోసిన మనిషిని అందరూ కొక్కెం తాత అంటారు. ఇప్పుడు ఆ గోదామే నాటకశాల అయింది. బస్తాకు గుచ్చి లాగే అతని ఇనప కొక్కేన్ని అద్దాల పెట్టెలో పెట్టి దీపం వేశారు. అతణ్ణేమో, మాసినట్టు రంగులద్దిన కొత్త చొక్కా తొడిగి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

“నా చొక్కా మాపు వదలగొట్టలేక మీ అమ్మమ్మ రెక్కలు అరగదీసుకుంది. వీళ్లు మాపును కొనుక్కొచ్చి ఇస్త్రీ చేయించారే!” అన్నాడు మనవరాలితో.

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ప్రారంభం రోజున స్టేజీ మీద మొదటి నాట్యం ఆమెదే. అది చూడాలనే తాత ఓర్చుకుంటున్నాడు గానీ, లేకపోతే ఆ చొక్కా ఎప్పుడో నాటకశాల డైరెక్టరు మొహాన కొట్టేవాడు.

ఆ డైరెక్టరు ఎర్రటి ఎండలోనూ మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, “ఈ గోడలు మాట్లాడతాయి” అంటూ తిరుగుతాడు. “మాట్లాడితే ముందు నిన్నే తిడతాయి నాయనా” అని తాత గొణుక్కుంటాడు.

ప్రారంభం రోజు పొద్దున మాత్రం తాత స్టేజీ ఎక్కి, వంగి నేలంతా చేత్తో తడిమి చూశాడు. గోదాములో సగం నీళ్లపైన గుంజల మీద నిలబడి ఉంటుంది. సముద్రం పెద్ద పోటు మీదున్నప్పుడు కింద నుంచి అల కొడితే గాలీ నీళ్లూ పైకి పోవడానికి, పాతవాళ్లు నేల చెక్కల మధ్య వేలు పట్టేంత సందులు వదిలారు. దారి దొరక్కపోతే చెక్కలే లేస్తాయి. ఈ మహానుభావులు సందులన్నీ లప్పంతో పూడ్చి, నల్లరంగు కొట్టి అద్దంలా మెరిపించారు. ఆ రోజు అమావాస్య. ఆరింటికి పోటు. నాట్యమూ ఆరింటికే.

“బాబూ, సందులు తెరిపించండి. పిల్ల కాలు విరుగుతుంది” అన్నాడు డైరెక్టరుతో.

“తాతగారూ, ఇది ఇంజనీర్లు వేసిన నేల.”

“వాళ్లు సముద్రాన్ని బకెట్లో చూసినట్టున్నారు.”

డైరెక్టరు మెడగుడ్డ సవరించుకుని వెళ్లిపోయాడు.

ఐదున్నరకు అతిథులు అత్తరు ఘుమాయించుకుంటూ వచ్చి కొక్కేనికి ఫొటోలు తీస్తున్నారు. తాత వాళ్లను తోసుకుంటూ వెళ్లి, పెట్టె తెరిచి కొక్కెం తీసుకున్నాడు. స్టేజీ ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, స్టేజీ అంచుల వెంట ఉన్న లప్పాన్ని దానితో పెళ్లలు పెళ్లలుగా పెకిలించాడు.

“ఆపండయ్యా ఆయన్ని!” డైరెక్టరు కేక పెట్టాడు.

మనవరాలు అడ్డంగా నిలబడింది. “తాత పని అయ్యేదాకా నేను ఆడను.”

ఆరింటికి నాట్యం మొదలవగానే అల కొట్టింది. స్టేజీ అంచుల వెంట నీళ్లు మనిషెత్తు ఎగిసి ముందు వరుస బూట్లన్నీ తడిపాయి. నడుమ ఆ పిల్ల కాలి కింద నేల కదల్లేదు. సందులు తెరవని చోట మాత్రం రెండు చెక్కలు లేచి, డైరెక్టరు ఉపన్యాసం బల్ల బోర్లా పడింది. ఇదంతా నాట్యంలో భాగమనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డైరెక్టరు సిగ్గులేకుండా ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

తర్వాత తాత దగ్గరకు వచ్చి, “అద్భుతం! రేపు కూడా నీళ్లు ఇలాగే రప్పించగలరా?” అన్నాడు.

“నన్నెందుకు బాబూ, మీ ఇంజనీర్లున్నారుగా!”

తాత చొక్కా విప్పి, మడతపెట్టి, ఖాళీ అద్దాల పెట్టెలో ఉంచాడు. బనీనుతోనే, కొక్కెం భుజాన తగిలించుకుని, మనవరాలితో ఇంటిదారి పట్టాడు.