చెల్లి నన్ను దాటి నడిచిన రోజు

నా చిన్నప్పుడు, ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను ఐదో తరగతి చదివే ఏడాది మా ఇంట్లో అందరి దిగులూ ఒక్కటే. ఏడాదిన్నర దాటినా మా చెల్లి నడవడం లేదు. గోడ పట్టుకుని నిలబడేది, వదిలితే కూర్చుండిపోయేది. కాళ్లలో లోపమేమీ లేదని డాక్టరు చెప్పినా అమ్మకు నమ్మకం కుదరలేదు. ఎదురుపడిన వాళ్లు "ఇంకా నడవట్లేదా?" అని అడుగుతారని పాపను బయటికి తీసుకురావడమే మానేసింది.

ఏ పనైనా పద్ధతి ప్రకారం చేయడం నాకు అప్పుడే అలవాటు. చెల్లి కోసం నా పద్ధతులు మూడు: మూడు చక్రాల చెక్కబండి తోయించడం, బిస్కెట్ చూపిస్తూ వెనక్కి నడవడం, రెండు చేతులూ పట్టుకుని లెఫ్ట్ రైట్ చేయించడం. మొదటిదానికి ఏడ్చింది. రెండోదానికి పాకుతూ వచ్చి బిస్కెట్ లాక్కుంది. మూడోది జరుగుతుండగా, ఊరి నుంచి వచ్చిన మా అమ్మమ్మ చూసింది.

"ఏట్రా, పిల్లని పాడైపోయిన స్కూటర్ని తోసినట్టు తోత్తన్నావు?" అని నవ్వింది.

శివరాత్రి దాటి చలి తగ్గిన రోజులవి. మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ చెల్లిని చంకనెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని క్వార్టర్ల వెనక ఖాళీ స్థలానికి వెళ్లింది. అక్కడి బాదం చెట్లు ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల చివర లేత చిగుళ్లు పెట్టాయి. అమ్మమ్మ చెల్లిని కిందకు దించింది. చెల్లికి తొందరేమీ లేదు. చీమల బారు పక్కన బోర్లా పడుకుని చూసింది. ఎర్రటి ఆకు ఒకటి నమిలి ఉమ్మేసింది. ఎక్కడో కోయిల కూస్తే, అది నేనే కూశానన్నట్టు నావైపు అనుమానంగా చూసింది. నేను ఆ పిట్ట పేరు చెప్పబోయాను.

"నీ పాఠాలాపు. ఎల్లి ఆ ఎండాకులు తొక్కు. దానికేసి సూడకు, పిలవకు," అంది అమ్మమ్మ.

తొక్కాను. కరకరమని చప్పుడు. చెల్లి కిలకిలా నవ్వింది. నేను ఆపితే తన నవ్వూ ఆగింది. మళ్లీ తొక్కాను. కాసేపటికి తనే చెట్టు మొదలు పట్టుకుని లేచింది. చెయ్యి వదిలింది. ఒక అడుగు వేసి ఊగింది, ఇంకో అడుగు వేసింది. నా దగ్గరికే వస్తోందని చేతులు చాపాను. వాటివైపు చూడనైనా లేదు. నన్ను దాటుకుని వెళ్లి ఆకుల్లో కాలు మోపింది. ఆ చప్పుడు పూర్తిగా తనది.

నా ముఖం చిన్నబోవడం అమ్మమ్మ చూసింది. "నీకోసం కాదురా, దాని పనిమీద అది ఎల్తంది. అడ్డు తప్పుకో," అంది.

ఇంటికి పరుగెత్తి చెబితే అమ్మ నమ్మలేదు. వెనకే వచ్చిన అమ్మమ్మ గచ్చు మీద దించగానే చెల్లి ఎప్పట్లాగే కూర్చుండిపోయింది.

"నువ్వూ ఆడూ కలిసి నన్నాడిత్తన్నారేటమ్మా?" అంటూ అమ్మ కళ్లు తుడుచుకుంది.

"నువ్వే వచ్చి సూడవే. ఎన్నాళ్లని తలుపేసుకుని కూకుంతావు?"

అమ్మ వచ్చింది. పాలవాడు, బడికెళ్లే పిల్లలు, పక్కింటావిడ చూస్తుండగా చెల్లి ఆకుల్లో చప్పుడు చేసుకుంటూ నడిచింది. పక్కింటావిడ నోరు తెరిచేలోగా అమ్మే అందరికీ వినిపించేలా, "మా పాప నడుత్తంది, సూశారా!" అంది. చాలా రోజుల తర్వాత అమ్మ తలెత్తి మాట్లాడటం చూసి నా ఛాతీ ఉబ్బింది.

ఇప్పుడు వర్క్‌షాపులో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లున్నారు. ఎంత వివరంగా చెప్పాలో అంతా చెబుతాను. కానీ ఏదో ఒక రోజు వాళ్లలో ఒకడు నా చేతివైపు చూడడం మానేసి, నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్లిపోతాడు. అప్పుడు అడ్డు తప్పుకుని పక్కకు జరుగుతాను. నా పనిలో నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది ఆ క్షణమే.