కాలిన్ చనిపోయే పేజీ

పుస్తకం తెరిస్తేనే నెవేనా గొంతు పెగిలేది. తల్లి మంచం పట్టడంతో ఏడో తరగతిలోనే బడి మానేసిన ఆ పిల్ల, ఎవరైనా పేరు అడిగినా తల దించుకునేది. అందుకే రొడోపి కొండల ఊళ్ళో, చావడిలో కూర్చుని పొగాకు గుచ్చే ఆడవాళ్ళు ఆమె చేతిలోని దబ్బనం లాక్కుని, ఊరి పఠనాలయం నుంచి తెచ్చిన మూడు సంపుటాల నవల పెట్టి, చదివి వినిపించమన్నారు. ఆమె వంతు ఆకును తామే పంచుకున్నారు.

యుద్ధానికి వెళ్ళిన కాలిన్ అనే కుర్రాడి కథ అది. గుచ్చేవాళ్ళలో అందరికన్నా పెద్దదైన రుసాన అవ్వకు వాడంటే ప్రాణం. ఆమె కొడుకూ అలాగే వెళ్ళి తిరిగి రాలేదు. కాలిన్ తన గుర్రాన్ని పట్టుకుని మంచులో నడుస్తుంటే, చలికోటు వేసుకున్నాడో లేదో సరిగ్గా చూడమని పేజీ వెనక్కి తిప్పించేది.

మూడో సంపుటంలో కాలిన్ చనిపోతాడు. నెవేనా ముందే చూసుకుంది. ఆ పేజీ వచ్చిన రోజు అవ్వ ముఖం చూసి రెండు పేజీలు కలిపి తిప్పేసింది. తర్వాత సమాధి మాట వచ్చిన చోటల్లా దాటేసింది. నవల అయిపోయింది గానీ ఆకు అయిపోలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు.

ఈసారి ఎవరికీ తొందర లేదు. మొదట్లో పట్టించుకోని వంటవాడి మాటలకు ఇప్పుడు పడీపడీ నవ్వారు. నెవేనా మాత్రం ఆ పేజీ దగ్గరపడేకొద్దీ ఇంకా ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టుకునేది. నిజం చదివితే అవ్వ ఏమైపోతుందో. అబద్ధం బయటపడితే తన చేతికి మళ్ళీ పుస్తకం ఇస్తారో లేదో.

ఆ పేజీ రానే వచ్చింది. మళ్ళీ రెండు పేజీలూ కలిపి పట్టుకుంది.

"విడదియ్యవే పిల్లా," అంది అవ్వ, దబ్బనం ఆపకుండా. "పోయినసారి చివర్లో వాడి గుర్రమ్మీద ఇంకెవడో తిరుగుతుంటే నాకు తెలీదనుకున్నావా? నా కొడుకు సంగతీ ఇలాగే ఎవరూ చెప్పలేదు. చదువు."

చదివింది. రెండు చోట్ల వరుస తప్పి మళ్ళీ చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు. అవ్వ కళ్ళు తుడుచుకుంది. చేతికంటిన పొగాకు జిగురుకు కళ్ళు మండితే ఆకును తిట్టింది.

నవల ముగిసేసరికి చావడిలో ఆఖరి బుట్ట ఆకే మిగిలింది. నెవేనా పుస్తకాలు మూట కడుతుంటే అవ్వ మొదటి సంపుటం లాగి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మళ్ళీ మొదలెట్టు. మొదటి పేజీలో వాడు చెర్రీ చెట్టెక్కి కూర్చునుంటాడు. తల్లి పిలిచినా దిగడు."

"ఆకు అయిపోవచ్చిందవ్వా," అంది నెవేనా. పుస్తకంలో లేని మాట ఆ చావడిలో ఆమె అనడం అదే మొదలు.

"నెమ్మదిగా గుచ్చుతాంలే," అంది అవ్వ.