బైపాసు దగ్గర ఆగిన పైపు

నేను నీళ్ల ఆఫీసులో ఫిట్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా మా ఊరి చుట్టూ గుంతలు తవ్వి పైపులు వేశాను. పైపు ఎటు పోతే ప్లాట్లు అటు పోయేవి. మేం గుంత పూడ్చకముందే చేన్లలో తెల్లరాళ్లు పాతేసేవాళ్లు. శెనక్కాయ పండని నేలలో ఇళ్లు మాత్రం దండిగా మొలిచేవి.

కొత్తచెరువు వైపు పల్లెలో మా అక్కావాళ్ల బోరు ఎండిపోయింది. ఇంకో రెండు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చేను అమ్మేసి బైపాసు అవతల ప్లాటు చూసుకున్నారు. కొనేముందు, అక్కడికి నీళ్లొస్తాయా అని అక్క నన్ను అడిగింది. అప్పటికి పైపు బైపాసు దాకా వచ్చి ఉంది. ఇంత దూరం వచ్చింది రోడ్డు దాటదా అని నవ్వాను. ఆరు నెలల్లో నీ గేటు ముందుకు తెస్తానని కూడా అన్నాను. ఆఫీసు నా సొంతమన్నట్టు మాట్లాడే రోగం నాకు మొదటినుంచీ ఉంది.

ఇల్లు లేచింది. అక్క గేటు పక్కన కుళాయికని దిమ్మె కట్టించుకుంది. అంతలో ఆఫీసులో తీర్మానం చేశారు, బైపాసు దాటి ఇక కనెక్షన్లు ఇవ్వకూడదని. ఉన్న నీళ్లు లోపలివాళ్లకే నాలుగు రోజులకోసారి అందుతున్నాయి. ఇంకా లాగితే అందరి కుళాయిల్లోనూ గాలే వస్తుంది. నీళ్లు ఆపితే తప్ప ఊరు ఆగదన్నారు. అది తప్పని నేను అనలేను, ఇప్పటికీ అనను. ఎండాకాలంలో చివరి వీధి ఆడవాళ్లు బిందెలతో కొట్టుకోవడం కళ్లారా చూసినవాణ్ని.

పైపు చివర మూసేసే పని నాకే పడింది. గుంతలో దిగి ఇనుప పలక బిగిస్తుంటే అక్క రోడ్డు దాటి వచ్చింది.

"అర అంగుళం పైపు చాలురా. మూసేలోపల ఒగటి ఇచ్చిపో. మట్టి కప్పితే ఎవురికి కనపడతాది?"

నేను తలెత్తలేదు. ఆ వరసలో ముప్పై ఇళ్లున్నాయని, నీకిస్తే అందరికీ ఇవ్వాలని రూలు చదివాను. ఉద్యోగం పోతుందని భయం కూడా ఉంది. అది మాత్రం చెప్పలేదు.

"నువ్వు చెప్తేనే కదరా ఈడ కొంటిమి" అని వెళ్లిపోయింది.

బోల్టులన్నీ బిగించాను. నా పనిలో చుక్క కారదని పేరు. ఆ రోజూ కారలేదు.

వాళ్ల వీధి బోరులో ఫ్లోరైడు. కొన్న క్యాను నీళ్లు మనవళ్లకు ఉంచి అక్క బోరు నీళ్లే తాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మోకాళ్లు పట్టేశాయి. డాక్టరు ఆ నీళ్లు మానేయమన్నాడట. నేను ఆ ఇంటికి పోవడం తగ్గించాను, సిగ్గుతో.

పోయిన నెల నా మనవరాలికి పేరు పెట్టే రోజున అక్క కర్ర పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే నా భార్య చెంబుతో నీళ్లిచ్చింది. అక్క చెయ్యి చాపలేదు. మా వైపు ఇంటికొచ్చి నీళ్లు కాదన్నారంటే సంబంధం వద్దన్నట్టే. చుట్టాలంతా చూస్తున్నారు. సంచిలోంచి సీసా తీసింది.

"నా నీళ్లు నేను తెచ్చుకున్న్యాలేమ్మా" అని నా భార్యతో అంది, నా వైపు చూడకుండా.

ఆ బోరు నీళ్లు నా ఇంట్లో కూర్చుని, నా ఎదురుగా, సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది.